బెర్బరు జాతి – పరిశోధకుల కష్టములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల పాటు ఒక గ్రామమున దీపము ఆరనీయక పుస్తకములను కాపాడుట సామాన్య కార్యము కాదు. ఇట్టి శుభ సమయమున భారత భాగవతముల ప్రశంస గాక, సముద్రముల కావల నున్న ఒక జాతిని గూర్చి ప్రసంగ మేల యని కొందఱికి తోచవచ్చును. అందులకు కారణము కలదు. 1980వ సంవత్సరము మార్చి 10వ తేదీన, ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియా దేశమున, తీజీ ఊజూ అను పట్టణపు విశ్వవిద్యాలయములో మూలూద్ మమ్మెరీ అను పండితుడు ప్రాచీన పద్యములను గూర్చి ఉపన్యసింపవలసి యుండెను. ఆ ఉపన్యాసము జరుగలేదు. అధికారులు దానిని నిషేధించిరి. జరుగని ఆ ఉపన్యాసము మూలమున ఒక సీమ యంతయు కదలెను. పాత పద్యములను గూర్చిన నాలుగు మాటలు ఒక ప్రభుత్వమును ఏల కలవరపెట్టెను? ఇది తెలియవలెనన్న, ఆ పద్యములు ఏ జాతివో, ఆ జాతిని గూర్చిన పరిశోధనము ఎట్టి ముండ్లబాటను నడచినదో ముందు తెలిసికొనవలెను.

ఆ జాతిని లోకము బెర్బరులనును. పడమట అట్లాంటిక్ తీరము మొదలు తూర్పున ఈజిప్టులోని సీవా ఒయాసిస్సు వఱకును, ఉత్తరమున మధ్యధరా సముద్రము మొదలు దక్షిణమున సహారా ఎడారి దాటి మాలీ, నైజరు దేశముల వఱకును వీరు అక్కడక్కడ వ్యాపించి యున్నారు. అరబ్బులు 7వ శతాబ్దమున ఆ భూములకు వచ్చుటకు ఎంతయో పూర్వమే వీరు అక్కడి నివాసులు. మొరాకోలోని అట్లాసు, రిఫ్ కొండలలోను, అల్జీరియాలోని కబీలియా, ఔరేసు కొండలలోను సేద్యము చేసికొనువారు కొందఱు. మ్జాబ్ లోయలో వర్తకము చేయువారు కొందఱు. ఎడారిలో ఒంటెలతో తిరుగు త్వారెగులు కొందఱు. వీరి భాషలన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే యైనను, రిఫ్ వాని పలుకు త్వారెగునకు సులభముగ బోధపడదు. ఒక్క వేరు, పెక్కు కొమ్మలు.

పరిశోధకునకు మొదటి చిక్కు పేరుతోనే వచ్చును. గ్రీకులు తమ భాష రానివారిని, నత్తివాని పలుకువలె వినబడునని కాబోలు, ‘బర్బరులు’ అనిరి. సంస్కృతమునను ఇట్టి పదమే కలదు. మహాభారతమున శక యవనాదులతో పాటు బర్బరులను పేర్కొనుట పాఠకు లెఱిగినదే. ఆ బర్బరులు ఈ బెర్బరులు కారు. కాని తన భాష రానివానికి భాషయే లేదని తలచు మనుష్య స్వభావము మాత్రము ఉభయత్ర ఒక్కటియే. ఆ జాతివారు నేడు తమ్ము అమాజిగ్ అనియు, బహువచనమున ఇమాజిగెన్ అనియు చెప్పుకొందురు. స్వతంత్రుడు అని ఆ పదమునకు అర్థము చెప్పుదురు. ఇదియైనను నిష్కంటకము కాదు. పూర్వము కబీలియావాడు తన్ను కబీలుడనియే చెప్పుకొనెను. ఆ మాటయో, తెగలు అని అర్థమిచ్చు అరబ్బీ పదమునుండి పుట్టినది. అన్ని తెగలకును అమాజిగ్ అను ఒక్క పేరు వ్యాపించినది ముఖ్యముగ 20వ శతాబ్దమున. కావున గ్రంథము అట్టమీద ఏ పేరు వ్రాసినను పరిశోధకుడు అప్పుడే ఒక పక్షమున నిలిచినట్లగును.

రెండవ చిక్కు లెక్క. పొలమును కొలుచుట సులభము. పొలమునకు గట్టు కలదు. భాషకు గట్టు లేదు. ఇంట తల్లితో ఒక భాష, బజారున అరబ్బీ, కచ్చేరీలో ఫ్రెంచి మాటాడువానిని ఏ వరుసలో వ్రాయవలెను? అవ్వకు వచ్చిన భాష మనుమనికి రానప్పుడు ఆ మనుమడు ఏ జాతివాడు? నేడు అరబ్బీయే మాతృభాషగా గలవారిలో పెక్కుమంది పూర్వులు బెర్బరులే. కావున ఇది రక్తమును బట్టి గీచిన గీత గాదు. పలుకును బట్టి గీచినది. పలుకు తరమునకు తరము మాఱును. మొరాకో దేశపు జనాభా లెక్కలలో బెర్బరు భాషలు మాటాడువారు 2004లో నూటికి సుమారు 28 మంది, 2024లో నూటికి సుమారు 25 మంది. అమాజిగ్ సంఘములవారు ఈ అంకెలు తక్కువ యని వాదింతురు. అల్జీరియాను గూర్చి ఒక గ్రంథమున అయిదింట ఒక పాలనియు, మఱొక గ్రంథమున నాల్గింట ఒక పాలనియు కనబడును. అంకె పెద్దదైన బడి కావలెనని అడుగుటకు బలము వచ్చును. చిన్నదైన ఆ బలము తగ్గును. లెక్కలోనే తగవున్నప్పుడు లెక్కించువాడు తటస్థుడని ఎవరును నమ్మరు.

మూడవ చిక్కు వ్రాత. ఈ జాతికి ప్రాచీనమైన లిపి కలదు. ట్యునీసియాలోని దుగ్గా అనుచోట ఒక ప్రాచీన సమాధి కట్టడముపై ఒక్క విషయమునే ఫీనీషియనుల ప్యూనిక్ లిపిలోను, ఈ స్థానిక లిపిలోను చెక్కిరి. తెలిసిన లిపి ప్రక్కనే తెలియని లిపి యుండుటచే అక్షరముల విలువ తేల్చుటకు అది తాళపుచెవి యయ్యెను. ఆ తాళపుచెవి చరిత్ర కూడ వినదగినది. 1842లో ట్యునిసు నందలి బ్రిటిషు కాన్సలు ఆ రాళ్ళను ఊడబెరికించెను, కట్టడము కూలెను, శాసనము లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. కట్టడమును తరువాత మఱల నిలిపిరి గాని శాసనము తిరిగి రాలేదు. తమ అక్షరములకు ఆధారమైన రాతిని చూడవలెనన్న అక్కడి విద్యార్థి సముద్రము దాటవలెను. ఇట్టి ప్రాచీన శాసనములు వేయికి పైగా దొరికినవి. అయినను వానిలో పెక్కు చిన్న సమాధిరాళ్ళు. పేరు, తండ్రి పేరు తప్ప వేఱు మాట అరుదు. అక్షరము చదువవచ్చును గాని అర్థము పూర్తిగ చిక్కదు. ఈ లిపి సంతతి యగు తిఫినాగ్ లిపిని త్వారెగులు ఎడారిలో నేటికిని నిలుపుకొనిరి.

తక్కిన చరిత్ర యంతయు పరుల భాషలలో నున్నది. నుమిడియా రాజగు జుగుర్తా రోముతో చేసిన యుద్ధమును వ్రాసినవాడు సల్లుస్టు అను రోమనుడు. అతడు ఆఫ్రికాలో రోమను రాష్ట్రమునకు పాలకుడుగ నుండినవాడు. బెర్బరు రాజైన రెండవ యూబా మహాపండితుడై పెక్కు గ్రంథములు వ్రాసెను. అవి గ్రీకు భాషలో, అవియు నశించి తునుకలు మాత్రము మిగిలెను. 354వ సంవత్సరమున ఆ నేల మీదనే పుట్టిన అగస్టీను మహాశయుడు వ్రాసినది లాటిను. 1332లో ట్యునిసు నగరమున పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ ఈ తెగల వంశావళులను, రాజ్యముల ఉత్థాన పతనములను సమగ్రముగ వర్ణించెను, అది అరబ్బీ. ఫ్రెంచివారు దానిని 1850లలో తమ భాషలోనికి మార్చి, బెర్బరుల చరిత్ర యని పేరు పెట్టి, పాలనకు పనికివచ్చు కరదీపికగా చదివిరి. ఇంతమాత్రమున ఆ జాతివారు తమ భాషలో ఏమియు వ్రాయలేదనుటయు పొరపాటే. దక్షిణ మొరాకోలోని సూసు సీమ పండితులు అరబ్బీ లిపిని వాడి తమ బెర్బరు భాషలో పద్య గ్రంథములు వ్రాసిరి. 18వ శతాబ్దమున ఔజాల్ అను కవి వ్రాసిన మతగ్రంథములు నేటికిని ప్రసిద్ధములు. వ్రాతప్రతులు లేవని తలచినవాడు వెదకలేదు. వెదకనివాడు లేవని వ్రాసెను.

ఇక అన్నింటికంటె లోతైన చిక్కు ఒకటి కలదు. ఈ జాతిని గూర్చి నూతన శాస్త్రరీతిని మొదట వ్రాసినవారు సైన్యముతో వచ్చినవారు. ఫ్రెంచివారు 1830లో అల్జీరియాపై దాడి వెడలిరి. 1857లో కబీలియా కొండలను లోబఱచుకొనిరి. ఆ సైన్యమున అనొతో అను అధికారి కబీలుల భాష నేర్చి, వ్యాకరణము వ్రాసి, 1867లో వారి పాటలను అచ్చొత్తించెను. పిదప లెతుర్నో అను న్యాయాధికారితో కలిసి 1872, 73 సంవత్సరములలో కబీలుల ఆచార వ్యవహారములను మూడు సంపుటములుగ ప్రకటించెను. గ్రామసభ ఎట్లు కూడును, నీటి వంతు ఎట్లు పంచుకొందురు, తప్పు చేసినవానికి ఎంత తప్పు కట్టింతురు – అన్నియు అందు కలవు. నేటికిని ఆ గ్రంథము లేనిదే పరిశోధకునకు గడవదు. అయినను ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత ఇక్కడ అక్షరాల వర్తించును. 1871లో కబీలులు తిరుగబడగా ప్రభుత్వము వారి భూములను విస్తారముగ జప్తు చేసెను. ఆచారములు తెలిసినవానికి పన్ను వేయుటయు, శిక్షించుటయు సులభమే గదా!

అదే కొండలలో, అదే కాలమున, రెండవ వైపు నిలిచిన ఒక బాలుని కథ చూడదగును. సీ మొహంద్ అను ఆ బాలుని గ్రామమును 1857లో కూల్చి అక్కడ కోట కట్టిరి. 1871 తిరుగుబాటు పిదప అతని తండ్రిని చంపిరి, ఆస్తి పోయెను. ఉన్నత విద్యకు పూనుకొన్న ఆ యువకుడు దేశదిమ్మరియై, కూలి చేసి, ఊరూర తిరిగి తొమ్మిది పాదముల పద్యములు చెప్పెను. 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో గతించెను. ఒకసారి చెప్పిన పద్యమును మఱల చెప్పనని అతడు ఒట్టు పెట్టుకొనెనని జనశ్రుతి. విన్నవాడు గుర్తుంచుకొన్ననే పద్యము మిగులును. లేనిచో గాలిలో కలియును. తెలుగునాట వేమన పేర వాడుకలో నున్న పద్యములలో ఏవి వేమనవో తేల్చుట ఎంత కష్టమో, అతని విషయమునను అంత కష్టము.

ఆ పద్యములను అచ్చునకు తెచ్చినవాడు బూలిఫా అను కబీలు ఉపాధ్యాయుడు. 1904లో ఆయన ప్రకటించిన సంపుటమునకు పీఠిక వ్రాయుచు, కబీలు స్త్రీని గూర్చి అనొతో వ్రాసిన వ్రాతలను ఖండించెను. ఇది చిన్న విషయముగ తోచవచ్చును. కాని పరిశోధనకు వస్తువైనవాడు పరిశోధకునకు అచ్చులో సమాధానము చెప్పిన తొలి ఘట్టములలో ఇది యొకటి. పాటలను సేకరించిన అధికారికి భాష తెలియును. బూలిఫాకు ఆ పాట పాడిన ఇల్లు తెలియును.

ఫ్రెంచి పండితులలో కొందఱు మఱొక అపాయకరమైన ఊహ చేసిరి. బెర్బరు వేఱు, అరబ్బు వేఱు. బెర్బరు ఐరోపావానికి దగ్గఱవాడు, మతమున పట్టు తక్కువవాడు. కావున వానిని అరబ్బునుండి వేఱు చేసి దగ్గఱకు తీయవచ్చునని వ్రాసిరి. ఈ ఊహ కాగితముల మీద నిలువలేదు. 1930 మే 16వ తేదీన మొరాకోలో ఒక శాసనము వెలువడెను. బెర్బరు తెగల తగవులు ఇస్లాము ధర్మశాస్త్రమును బట్టి గాక తెగల ఆచారమును బట్టి తీర్పవలెననియు, కొన్ని నేరములు ఫ్రెంచి న్యాయస్థానముల పరిధిలో నుండవలెననియు దాని సారాంశము. దేశమును రెండుగ చీల్చుటకే ఇది యని జనులు మసీదులలో చేరి ప్రార్థనలతో నిరసన తెల్పిరి. మొరాకో జాతీయోద్యమమునకు అదియొక మొదలు. దాని ఫలము పండితుల నెత్తినే పడెను. దేశములు స్వతంత్రములైన పిదప, బెర్బరు భాష చదువుదు ననువాడు దేశమును చీల్పవచ్చిన వాడను అనుమానము నిలిచిపోయెను. తప్పు చేసినది పూర్వపు ప్రభువులు. అనుభవించినది ఆ భాష.

పరిశోధకుని మనస్సు స్వచ్ఛమైనను చిక్కు తీరదనుటకు శార్ల్ ద ఫూకో జీవితము నిదర్శనము. సైనికుడుగ నుండి విరమించిన ఆయన 1883లో యూదుని వేషమున మొరాకోలో సంచరించి, అఱచేతిలో ఇముడు చిన్న పుస్తకమున రహస్యముగ వివరములు గుర్తించుకొనెను. వేషము లేనిదే ఆనాడు క్రైస్తవునకు ఆ ప్రాంతములలో ప్రవేశము లేదు. వేషముతో సంపాదించిన విద్యయో, తెలుపక తీసికొన్న సొమ్ము వంటిది. పిదప సన్యసించి, సహారాలోని హొగ్గారు కొండలలో త్వారెగుల నడుమ 1905 మొదలు 1916లో హతుడగు వఱకు ప్రధానముగ అచ్చటనే జీవించెను. వారి భాషకు ఆయన కూర్చిన నిఘంటువు మరణానంతరము 1951, 52 సంవత్సరములలో నాలుగు సంపుటములుగ, ఆయన చేతివ్రాత ప్రతిబింబముతోనే వెలువడెను. దాసీనె అను త్వారెగు విదుషీమణి మొదలగువారు ఆయనకు పద్యములు చెప్పిరి, మాటల అర్థము చెప్పిరి. ఇంతటి విద్యాతపస్వియు ఫ్రెంచి సైన్యాధికారులకు ఆ ప్రాంతపు సమాచారము తెలుపు లేఖలు వ్రాయుచునే యుండెను. ఒక్క చేతిలోనే నిఘంటువు, ఆ చేతిలోనే లేఖ. ఏది పుణ్యము, ఏది పాపము అని విడదీయుట నేటివారికి సులభము గాదు.

యుద్ధములు పరిశోధనను తుడిచివేసిన సందర్భములును కలవు. జెర్మేన్ టిల్లియన్ అను ఫ్రెంచి విదుషి 1934 మొదలు 1940 వఱకు పలుమాఱులు ఔరేసు కొండలలోని షావియాల నడుమ నివసించి, ప్రతి కుటుంబపు వివరమును, పెండ్లి సంబంధములను వ్రాసికొనెను. స్త్రీ యగుటచే పురుషులకు ప్రవేశము లేని లోగిళ్ళలోనికి పోగలిగెను. స్వదేశమునకు తిరిగి వచ్చునప్పటికి జర్మనులు ఫ్రాన్సును ఆక్రమించి యుండిరి. వారిని ఎదిరించిన వారిలో ఆమె యొకతె. 1942లో బంధింపబడి, మఱుసటి యేట రావెన్స్‌బ్రూక్ అను స్త్రీల నిర్బంధ శిబిరమునకు పంపబడెను. వెంట తెచ్చుకొన్న పరిశోధన వ్రాతలు ఆ శిబిరముననే పోయినవి. ఆమె ప్రాణముతో బయటపడి, దాదాపు 60 సంవత్సరముల పిదప, 2000లో, జ్ఞాపకముల నుండియు మిగిలిన కాగితముల నుండియు ఆ ఔరేసు జీవితమును మఱల గ్రంథముగ కూర్చెను. అప్పటికి ఆమెకు తొంబదిమూడవ యేడు. ఆమె చూచిన ఔరేసు అప్పటికి లేదు. 1954 నవంబరులో మొదలైన స్వాతంత్ర్య యుద్ధమునకు మొదటి రంగస్థలము ఆ కొండలే.

ఆ యుద్ధకాలముననే పియేర్ బూర్ద్యూ అను యువ పండితుడు కబీలియాను పరిశోధించెను. గ్రామములనుండి తఱిమి ముళ్ళకంచెల శిబిరములలో ఉంచబడినవారు అల్జీరియా యంతట సుమారు 20 లక్షలమంది. ఆయన అబ్దెల్మాలెక్ సయ్యాద్ అను కబీలు శిష్యునితో కలిసి ఆ నిర్వాసితుల దుఃస్థితిని వివరించు గ్రంథమును 1964లో ప్రకటించెను. అదే బూర్ద్యూ కబీలు గృహమును గూర్చి మఱొక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. ఇంటిలో వెలుగు భాగము, చీకటి భాగము, పొయ్యి, మగ్గము, పశువుల చోటు, స్త్రీ స్థానము, పురుష స్థానము – అన్నియు అందు అద్దమున చూచినట్లుండును. కాని ఆ అద్దమున యుద్ధము కనబడదు. ఇల్లు కూలిన వాడు తన ఇంటిని వర్ణించునప్పుడు ఆ ఇల్లు ఎప్పటికంటె అందముగ నుండును. విన్నవాడు దానినే శాశ్వతమైన ఆచారముగ వ్రాసికొన్నచో పొరపాటగునని తరువాతివారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ అన్యాయము కాదు.

మొరాకో అట్లాసు కొండలలో ఎర్నెస్టు గెల్నర్ అను పండితుడు పరిశోధించి 1969లో ఒక గ్రంథము ప్రకటించెను. అక్కడి తెగలు ఒకదానికొకటి త్రాసువలె సమముగ తూగునవియు, వాని తగవులను ఆయుధము పట్టని సాధువంశములు తీర్చుననియు ఆయన సిద్ధాంతము. మొరాకో దేశీయుడగు అబ్దెల్లా హమ్మూదీ 1974లో పాత పత్రములను ముందు పెట్టి దానిని పరీక్షించెను. ఆ సమాజమున పెద్ద చిన్నలు కలరనియు, సాధువులును అధికారము కొఱకు పోరాడిరనియు చూపెను. గెల్నర్ మెలకువగల పండితుడే. కాని సిద్ధాంతము చక్కగ కుదిరినప్పుడు కన్ను దానికి సరిపడిన దానినే చూచును. పత్రము చదువనివాడు మాటను, మాట విననివాడు పత్రమును సంపూర్ణమని తలచుట ఈ పరిశోధనలో పాత రోగము. అంధగజ న్యాయమునకు ఇంతకంటె దృష్టాంతము కావలెనా?

ఈ కథలో పెక్కుమాఱులు మఱగుపడినవారు స్త్రీలు. భాషను నిలిపినది ముఖ్యముగ వారే. బజారు భాష, కచ్చేరీ భాష పురుషుని మార్చినను ఇంటి భాష తల్లి యొద్ద నిలిచినది. తిరుగలి పాట, జోల పాట, శోకపు పాట వారివే. ఫద్మా అయిత్ మన్సూర్ అను కబీలు స్త్రీ 1882లో పుట్టి, అవమానములకు, వలసలకు ఓర్చి, తన తల్లి యొద్ద విన్న పాటలను గుండెలో మోసికొని ట్యునిసు చేరెను. ఆమె కుమారుడు జాన్ అమ్రూష్ ఆ పాటలను ఫ్రెంచిలోనికి మార్చి 1939లో ప్రకటించెను. కుమార్తె తావోస్ ఆ పాటలను లోకమున వేదికలపై పాడెను. కథలను 1966లో గ్రంథముగ ఇచ్చెను. 1969లో అల్జియర్సు నగరమున ఆఫ్రికా ఖండమంతటికి మహోత్సవము జరుగగా, కబీలు పాటలకు ఆ గాయనికి అధికార వేదికపై చోటు దొరకలేదు. విద్యార్థులు ఆమెను పిలిచి పాడించుకొనిరి. తల్లి స్వయముగ వ్రాసిన జీవిత చరిత్ర, ఆమె మరణించిన మఱుసటి సంవత్సరము, 1968లో అచ్చయ్యెను. పెద్ద గ్రంథాలయములలో దొరకని విషయములు ఆ ఒక్క పుస్తకమున దొరకును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. మమ్మెరీ 1917లో కబీలియా కొండలలో పుట్టినవాడు. ఫ్రెంచి భాషలో నవలలు వ్రాసి పేరు పొందినవాడు. విశ్వవిద్యాలయపు శాస్త్రరీతి నెఱిగినవాడు. స్వతంత్ర అల్జీరియా అరబ్బీని మాత్రమే జాతీయ భాషగ గ్రహించెను. 1960లలో ఆయన అల్జియర్సు విశ్వవిద్యాలయమున బెర్బరు భాషాపాఠము చెప్పెను. 1970ల ఆరంభమున అదియు ఆగెను. ఆయన సీ మొహంద్ పద్యములను 1969లోను, అంతకుముందు కాలపు కబీలు పద్యములను 1980లోను ప్రకటించెను. కబీలు భాషలో పద్యమునకు అసెఫ్రూ అని పేరు. చిక్కు విప్పుట అను అర్థమిచ్చు ధాతువునుండి అది పుట్టినది. కవి యనగా జనుల మనస్సులోని చిక్కును విప్పువాడు. ఆ పద్యములను గూర్చియే ఆయన తీజీ ఊజూలో మాటాడ బయలుదేరెను. దారిలోనే ఆయన కారును ఆపి వెనుకకు పంపిరి. వినుటకు కూడిన విద్యార్థులు ఊరకుండలేదు. నిరసనలు, సమ్మెలు సాగెను. ఏప్రిల్ 20వ తేదీ తెల్లవారుజామున సాయుధ బలగములు విశ్వవిద్యాలయములోను, ఆసుపత్రిలోను ప్రవేశించెను. పెక్కుమంది గాయపడిరి, బంధింపబడిరి. దీనినే బెర్బరు వసంత మందురు. ఆ దినమును కబీలియావాసులు నేటికిని స్మరించుచున్నారు.

ప్రభుత్వము భయపడినది పద్యములకు గాదు. నూఱేండ్లకు పైగా ఆ జాతిని గూర్చి సైనికుడు వ్రాసెను, న్యాయాధికారి వ్రాసెను, సన్యాసి వ్రాసెను, ఆచార్యుడు వ్రాసెను. ఎవరికిని అడ్డు రాలేదు. ఆ జాతివాడే తన జాతి పద్యమును తన ఊరివారి యెదుట విప్పి చెప్పబోయిన నాడు అడ్డు వచ్చెను. వస్తువుగ నున్నంత కాలము నిరపాయము; వక్త యైనచో అపాయము. ఈ పరిశోధనలోని కష్టములన్నింటికి మూలము ఇక్కడ కలదు.

మమ్మెరీ 1989 ఫిబ్రవరిలో మొరాకోలోని ఒక విద్వత్సభకు పోయి తిరిగి వచ్చుచు కారు ప్రమాదమున మరణించెను. మఱుసటి సంవత్సరమే ఆ తీజీ ఊజూ విశ్వవిద్యాలయమున అమాజిగ్ భాషా సంస్కృతుల విభాగము నెలకొనెను. మొరాకో రాజు 2001లో అమాజిగ్ సంస్కృతికి రాజసంస్థను స్థాపించెను. అదే యేట కబీలియాలో జరిగిన అల్లరులలో నూఱుమందికి పైగా మరణించిరి. ఆ భాష మొరాకోలో 2011లోను, అల్జీరియాలో 2016లోను రాజ్యాంగమున అధికార భాష యయ్యెను.

ఇంతటితో కష్టములు తీరలేదు, రూపము మార్చుకొనెను. మొరాకో 2003లో తిఫినాగ్ లిపిని గైకొనెను. కబీలియాలో లాటిను లిపి వాడుక. అరబ్బీ లిపియే తగునను వారును కలరు. బడికి ఒక ప్రమాణ భాష కావలెను. అందులకు క్రొత్త మాటలు కల్పింపవలెను. మనుమడు బడిలో నేర్చిన మాట అవ్వకు తెలియకున్న, ఆ అవ్వ నోటిలోని వేయి మాటలు తప్పులని పిల్లవాడు తలచు ప్రమాదము కలదు. కొండ గ్రామముల యువకులు పట్టణములకు, ఐరోపాకు పోవుచున్నారు. పాడిన స్త్రీలు వృద్ధలైరి. పరిశోధన గ్రంథములలో అధిక భాగము ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో నున్నవి. పాట చెప్పిన గ్రామమునకు ఆ పుస్తకము తిరిగి పోవుట అరుదు. అప్పు తీసికొన్నవాడు పత్రము వ్రాసి యిచ్చును. పాట తీసికొన్నవాడు ఏమి వ్రాసి యిచ్చుచున్నాడు?

కావున పండితులు నేడు కొన్ని నియమములను గుర్తించుచున్నారు. ఎవరి కొఱకు వ్రాయుచున్నదో మొదటనే చెప్పవలెను. చెప్పినవారి పేరును, వారి అనుమతితో, గ్రంథమున నిలుపవలెను. ఫూకో పేరు లోకమెఱుగును, దాసీనె పేరు ఎందఱెఱుగుదురు? పత్రమును మాటతోను, మాటను పత్రముతోను సరిచూడవలెను. పురుషుల మాట విని గ్రామమంతయు విన్నట్లు తలపరాదు. కట్టకడపట, పుస్తకము పుట్టినచోటికి తిరిగి చేరవలెను. బయటివాడు పనికిరాడనుటయు సరికాదు. అనొతో వ్రాయకున్న పెక్కు పాటలు నశించియుండెడివి. బూలిఫా వ్రాయకున్న అనొతో తప్పులు నిలిచియుండెడివి. బయటివాని కొలతయు, లోపలివాని చెవియు కలిసిన చోటనే మేలైన విద్య పుట్టినది.

సభాసదులారా! తీజీ ఊజూలో ఆనాడు విద్యార్థులు కోరినది ధనము గాదు, పదవి గాదు. తమ పాత పద్యములను గూర్చి ఒక గంట కాలము వినుట. ఆ గంట కొఱకు వారు దెబ్బలు తినిరి. ఈ గ్రంథాలయమున అట్టి గంటలు ఇరువదియైదు సంవత్సరములుగ ఏ అడ్డును లేక దొరకుచున్నవి. అడ్డు లేని సొమ్మును అలక్ష్యము చేయుట లోక సహజము. ఈ రజతోత్సవమునకు గుర్తుగ గ్రంథాలయమున ఒక ఖాళీ పుస్తకము ఉంచదగును. ఊరిలోని పెద్దమ్మలు దంపుచు పాడిన పాటలు, పొలములకు, చెఱువులకు, దిబ్బలకు పూర్వులు పెట్టిన పేర్లు, ఆ పేర్ల వెనుకనున్న కథలు అందు చెప్పినవారి పేరుతో సహా వ్రాసి యుంచదగును. రేపు ఏ దూరపు పండితుడో వచ్చి ఈ ఊరిని గూర్చి వ్రాయవచ్చును; రానిండు. అతడు వచ్చునప్పటికి ఊరివారు వ్రాసినది ఒకటి బల్లమీద నుండవలెను.

స్వస్తి.